లాజరు ఇంకా వింటున్నాడు

తొమ్మిదో భాగం

పోయిన వారం రూబీని ఆమదాలవలస బాప్టిస్టు చర్చి వెనకగదిలో, దుమ్ము కొట్టుకుపోయిన సర్వర్ ముందు, చేతులు ఊడిన కుర్చీలో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. మనకి వారం గడిచింది గానీ ఆమెకి గ్లాసులో టీ చల్లారేంత సేపే అయింది.

మొన్నమొన్నే ఈ కథలో కాలుపెట్టినవారికి సంగతేమిటో చెప్పాలి కదా. సత్యరాజు మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. చర్చి క్వయర్ పాడిన ప్రతి పాటా రికార్డు చేసి దాచడం ఆయనకి పిచ్చి. చేతికి అలవాటైన రికార్డింగ్ ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆ పాత కంప్యూటర్ కాస్తా మూలపడ్డాక ఆయన ఒక లినక్స్ సర్వర్ సంపాదించాడు. దాని కడుపులో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే వర్చువల్ మిషన్ సాఫ్ట్‌వేర్‌ని, అందరిలా తయారుగా ఉన్నది తెచ్చి పెట్టుకోకుండా, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, దించుకుని తనే కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాంగా మార్చుకున్నాడు. అందులో పాత విండోస్‌కి ప్రాణం పోశాడు. లోపలి మిషన్‌కి, బైబిల్లో యేసు సమాధిలోంచి లేపిన లాజరు పేరు పెట్టాడు, సర్వర్‌కి ఆ లాజరు ఊరు బేతనియ పేరు. చచ్చినవాణ్ణి లేపాను కదా అని ఆయన మురిపెం. రెండేళ్ళ కిందట ఆయనే పోయాడు. లాజరు అప్పట్నుంచీ లేవలేదు.

వచ్చే ఆదివారం కోతల పండుగ. బలిపీఠం చుట్టూ వరికంకులూ గుమ్మడికాయలూ పేర్చి, మాస్టారు దాచిన పాత పాటలు వినిపించాలని చర్చి పెద్దలకి బుద్ధి పుట్టింది. చర్చి సెక్రటరీ థామస్ మాస్టారి కొడుకే. అతను తన మేనమామ కూతురు రూబీకి ఫోన్ చేశాడు. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లన్నీ చూసుకునేది ఆవిడే. వచ్చీ రాగానే ఆవిడ కనిపెట్టింది ఒక్కటే. లాజరు ఆగిపోలేదు, నిద్రలో ఉన్నాడు.

ఇది మాస్టారి ఏర్పాటే. మన జిల్లాలో కరెంటుని నమ్ముకున్నవాడు ఎవడున్నాడు గనక? కరెంటు పోగానే యూపీఎస్ కుయ్ కుయ్ అనేది. ఆ కూతకి సర్వర్ తడుముకోకుండా లాజరుని ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా నిద్రపుచ్చి డిస్కులో దాచేది. మళ్ళీ లేపితే తెరిచిన పని తెరిచినట్టే, ఆపిన చోటే ఉంటుంది. అదంతా బాగానే ఉంది. ఇప్పుడు లేపమంటేనే సర్వర్ మొండికేసింది. సౌండ్ కార్డు జ్ఞాపకం సరిపోవడం లేదు, లేపలేను, అని తెర మీద ఒక్కటే పాట.

తప్పు ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి రూబీకి ఎంతోసేపు పట్టలేదు. పోయిన నెల థామస్ శ్రీకాకుళం నుంచి ఎల్లాజీ అనే మెకానిక్‌ని పిలిపించాడు. అతను సర్వర్‌ని అప్‌డేట్ చేసి, అక్కర్లేదనిపించినవన్నీ ఊడ్చి, బిస్కెట్లు తిని వెళ్ళాడు. దాంతో రూబీ మావయ్య, అదే మన మాస్టారు, చేత్తో కంపైల్ చేసుకున్న ప్రోగ్రాం వెనక్కి పోయి, కొత్త ప్యాకేజీ ముందుకొచ్చి కూర్చుంది. రూబీ పాతదాన్ని పనిగట్టుకుని పిలిచి చూసింది. అది నడవడానికి కావలసిన తోడు ఫైళ్ళు, లైబ్రరీలు, ఎల్లాజీ చీపురుకి పోయాయని తేలింది. సరే, అదే వెర్షన్ సోర్సు ఇంటర్నెట్లోంచి దించి పొద్దుటినుంచీ కూర్చుని కంపైల్ చేసింది. వెర్షన్ నంబరులో ఒక్క అంకె కూడా తేడా లేదు. అయినా సర్వర్ మళ్ళీ అదే పాట అందుకుంది.

అప్పుడు వచ్చాడు థామస్. భుజాల మీద ఎండుగడ్డి, చేతిలో మైకు వైర్ల చుట్ట. వెనకాలే మబ్బు పట్టిన గాలి.

"ఏటే, ఇంకా లెగలేదా ఈడు?"

"లెగలేదు బావా. ఒకే వెర్షన్, అయినా సరిపడ్డం లేదంటన్నాది. ఎందుకో అర్థం కావడం లేదు."

"నువ్వేటి బుర్ర పాడు సేసుకుంటావు? ఎల్లాజీకి ఫోన్ సేసినాను. ఆ నిద్రపోయిన ఫైలు తీసి పారేస్తే రెండు నిమిషాల్లో కొత్తగా లెగుస్తాదంట. పాటలన్నీ డిస్కులో భద్రంగానే ఉన్నాయంట. నిజమేనా, అబద్ధమా?"

"నిజమే. సేవ్ సేసినవన్నీ ఉంటాయి."

"మరేటి నీ బాధ?"

"సేవ్ సెయ్యంది పోతాది."

"సెయ్యంది ఏటున్నాదని?"

రూబీ తెర మీద ఆ ఫైలు పక్కనున్న తారీకు మీద వేలు పెట్టి చూపించింది. థామస్ వంగి చూశాడు. అది వాళ్ళ నాన్న పోవడానికి ముందురోజు సాయంత్రం.

"బావా, ఆయేల మావయ్య ఈ గదిలో ఏటి సేస్తన్నారు?"

థామస్ వైర్ల చుట్ట బల్ల మీద పెట్టాడు. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"అమ్మ పాడతన్నాది," అన్నాడు చివరికి. "గొడుగట్టుకుని ఆల్లని తీసుకెల్లడానికి నానే వచ్చినాను. గుమ్మంలో ఉండగానే కరెంటు పోనాది."

ఏ పాట అని రూబీ అడగాల్సిన పని లేకపోయింది. థామస్ అమ్మ, అంటే రూబీ మేనత్త కాంతం, ఒంటరిగా పాడే పాట ఒక్కటే.

ఆ పాట అత్తది కూడా కాదు, అత్త వాళ్ళమ్మది, అంటే రూబీ నానమ్మది. నూర్పుల కళ్ళంలో ఆవిడ కట్టుకున్న పాట. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేదు. 'పొలము నీదే, పైరు నీదే' అని మొదలౌతుంది. శనివారం శనివారం ఈ గదిలోనే క్వయర్ సాధన. రూబీకి పరికిణీ వయసు. ఆడపిల్లలంతా చాప మీద, మగపిల్లలు కిటికీ కింద, థామస్ అప్పటికే గొంతు మారి అందరికన్నా కింద. గుణుపూర్ ప్యాసింజర్ వెళ్ళేదాకా మావయ్య ఒక్కణ్ణీ నోరు విప్పనిచ్చేవాడు కాదు. చెయ్యి పైకెత్తి పట్టుకుని, రైలు చప్పుడు పూర్తిగా వంతెన దాటిందని తనకి నమ్మకం కుదిరాక అప్పుడు దించేవాడు. ఆ చెయ్యి దిగేవరకూ ఊపిరి బిగబట్టడం, ఎవరో ఒకరు కిసుక్కున నవ్వడం, మళ్ళీ మొదటికి రావడం. సాధన అయ్యాక అత్త పెద్ద గిన్నెలో చోడి అంబలి, ఉల్లిపాయ ముక్కలు తెచ్చేది. కంప్యూటర్ తాకడం రూబీ నేర్చుకున్నది కూడా ఇక్కడే, అంబలి చేతులు పరికిణీకి తుడుచుకుని. తర్వాత ఎన్ని చల్లటి గదుల్లో ఎన్ని పెద్ద సర్వర్లు చూసిందో, వేటి ముందు కూర్చున్నా ఆమెకి ఆ పుల్లటి వాసన గుర్తొచ్చేది.

అత్త అందరికీ ఆ పాట నేర్పింది, ఆఖరి చరణం తప్ప. అదెందుకు నేర్పవని రూబీ ఎన్నిసార్లు అలిగిందో. "అది మాయమ్మ నాకిచ్చిన బంగారమే గుంటా. నాను పోయేముందు నీకిచ్చి పోతాన్లే," అని నవ్వేసేది. మావయ్య పోయిన ఏడే అత్త గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆవిడ మాట గుసగుసలోనే వస్తుంది. ఆ చరణంలో మాటలైతే కాగితం మీద రాసి ఇవ్వగలదు. రాగం రాయడం ఆవిడకి రాదు, ఊర్లో ఇంకెవరికీ రాదు.

"బావా," అంది రూబీ. "అత్త గొంతు ఇందులో ఉన్నాది. ఆఖరి చరణం ఇందులో ఉన్నాది. నువ్వు పారేయమంటన్నది దాన్నే."

"నాకు తెల్దనుకుంటన్నావా?"

రూబీ తల తిప్పి చూసింది. థామస్ మొహం ఎర్రబడింది.

"తారీకు సూడగానే తెలిసింది. తెలిసే అంటన్నాను. ఆపరేషనయ్యి వచ్చిన కొత్తలో అమ్మ వంటింట్లో ఒక్కత్తీ నిల్చోని నోరు తెరిసేది. గాలి తప్ప ఏటీ వచ్చేది కాదు. మళ్ళీ తెరిసేది. నాను గుమ్మం బయట నిల్చోని సూసేవోణ్ణి. నువ్వు సూసినావేటి? ఇజీనారం నుంచి పండక్కొచ్చి పలావు తినేసి పోనావు. ఇప్పుడిప్పుడే అలవాటు పడ్డాది. గొంతు లేకండా బతకడానికి అలవాటు పడ్డాది రూబీ. ఇప్పుడా గొంతు తెచ్చి సెవికాడ పెడితే ఏటౌతాది దానికి?"

రూబీకి కోపం వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అలాగని ఒప్పుకోబుద్ధీ కాలేదు.

"అత్తనడుగుదాం."

"అడగొద్దు. ఆ ఫైలు తీసేయ్. పండగ కానీ. అమ్మకి ఈ మాటే తెలియక్కర్లేదు."

"నానెందుకు తీస్తాను? కావాలంటే నువ్వే తియ్. ఇదిగో, ఇక్కడ నొక్కు."

అతను నొక్కేవాడేమో, మానేసేవాడేమో మనకి తెలీదు. ఎందుకంటే ఆ క్షణానే గుమ్మంలో చిన్న చప్పుడైంది. కాంతమ్మ నిలబడి ఉంది. చేతుల్లో వరికంకులు, వాటిని కట్టడానికి పెదాల మధ్య పట్టుకున్న పురికొస ముక్క. ఎంతసేపటినుంచి ఉందో. బతికున్న మనిషి గొంతు వినపడకపోతే, ఆవిడకి చెవులు కూడా లేవనుకుంటారు ఇంట్లోవాళ్ళు. థామస్ కూడా అదే తప్పు చేశాడు.

ఆవిడ పురికొస తీసి, కంకులు బల్ల మీద పెట్టి, నోరు విప్పింది. ఆవిడ మాట వినాలంటే ఎవరైనా దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇద్దరూ వెళ్ళారు.

"అవ్వలేదు ఆ పాట," అంది. "ఆఖరి చరణం ఎత్తుకున్నాను. సగంలో ఉండగా కరెంటు పోనాది. మిగతాది రేపు పాడుదువులే కాంతం, అన్నారు."

బయట ఎవరో గుమ్మడికాయలు దించుతున్నారు.

"నాను పాడిన సగం కూడా సీకట్లో కలిసిపోనాదనుకున్నాను. ఉన్నాదేటే?"

"ఉన్నాదత్తా. లేపగలిగితే."

"అమ్మా, నీకెందుకు ఇయన్నీ..." అని థామస్ అడ్డుపడబోయాడు.

కాంతమ్మ కొడుకు చెంప మీద చెయ్యి వేసింది. "ఒరే, మీ నాన్నని మట్టిలో పెట్టేసినాం. నన్నింకా పెట్టలేదు గదా. నా గొంతు నాను ఇనుకుంటే నీకేటి బయ్యం?"

థామస్ కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. రూబీ తెర వైపు తిరిగింది. ధైర్యం వచ్చింది గానీ దారి కనిపించలేదు. వెర్షన్ ఒకటే అయినప్పుడు ఎందుకు సరిపోదు? ఆ మాటే పైకి అనేసింది, సౌండ్ కార్డు దగ్గరే తగువంతా అని.

కాంతమ్మ వెనకనుంచి వంగి చెవిలో అంది. "నా ఆలాపనకి లాజరు సంచీ సాలడం లేదనీవోరు మీ మావయ్య. నాను దీర్ఘం తీస్తే మజ్జిలో టిక్కు టిక్కుమని తెగిపోయేది. ఆ వర్షాకాలమంతా దాంతోనే కుస్తీ. ఒకనాడు నవ్వుతా వచ్చేరు. నీ ఊపిరికి తగ్గ పెద్ద సంచీ కుట్టేను కాంతం, అన్నారు."

ఓరి దేవుడా, అనుకుంది రూబీ. పొద్దుటినుంచీ మావయ్య సోర్సు ఫోల్డరు సర్వర్‌లోనే కళ్ళ ముందు ఉంది. సగం కట్టినవీ సగం విప్పినవీ కలగాపులగంగా ఉన్నాయని మొహం చిట్లించుకుని, శుభ్రమైనది కావాలని బయటినుంచి తెచ్చుకుంది. ఆ శుభ్రమే తన కొంప ముంచింది.

ఆ ఫోల్డరు తెరిచి, తను తెచ్చినదానితో పోల్చి చూసింది. తేడా ఒక్కచోటే. వచ్చే శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే చోటు, దాన్నే ఆయన సంచీ అన్నాడు, నాలుగింతలు చేసి ఉంది. నిద్రపోయేటప్పుడు లాజరు ఆ పెద్ద సంచీని మూటగట్టి దాచుకున్నాడు. లేపేవాడి దగ్గర చిన్న సంచీ ఉంటే మూట ఎలా పడుతుంది? ఆ మార్చిన వరుస పైన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసుకున్నాడు మాస్టారు. 'ఇది ఎవరూ ముట్టుకోవద్దు. తగ్గిస్తే కాంతం ఆలాపన తెగిపోతుంది.'

రూబీ అది పైకి చదివింది. రెండోసారి చదవమని కాంతమ్మ సైగ చేసింది. చదివింది. కిటికీ దగ్గర థామస్ ఇటు తిరగలేదు గానీ విన్నాడు. ప్రేమిస్తున్నానని భార్యతో ఆ మనిషి ఎప్పుడైనా అన్నాడో లేదో మనకెందుకు గానీ, అనవలసిన చోట రాసి పెట్టుకున్నాడు.

తర్వాత పని చకచకా సాగింది. కొత్త కంపైలర్‌కి పాత కోడ్ నచ్చక ప్రతి చిన్నదానికీ ఆగిపోతుంటే, హెచ్చరికలకి ఆగవద్దని చెప్పి ముందుకి తోసింది. ఎల్లాజీ ఊడ్చేసిన లైబ్రరీలు ఒక్కొక్కటీ తెచ్చి పెట్టింది. వరసలు వరసలుగా తెర పాకుతుంటే కాంతమ్మ వరికంకులు కడుతూ కూర్చుంది. లేపేముందు రూబీ నిద్రలో ఉన్న ఫైలునీ, లాజరు డిస్కునీ తన హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుంది.

"ఇప్పుడు ఏటైనా పరవాలేదు బావా. ఇందాకటి నిద్ర ఎన్నిసార్లైనా లేపుకోవచ్చు. యూపీఎస్ పనిసేస్తాదా?"

"దాని బేటరీ ఎప్పుడో సచ్చింది. రేపు శ్రీకాకుళంలో కొత్తది తెస్తాను," అన్నాడు థామస్. గొంతు మామూలైంది. "అల్పపీడనం అంటన్నారు. కరెంటు ఉన్నప్పుడే కానిచ్చేయ్."

గుణుపూర్ ప్యాసింజర్ వస్తున్న చప్పుడైంది. రూబీ చెయ్యి తనకి తెలియకుండానే ఆగింది. రైలు వెళ్ళి, చప్పుడు వంతెన దాటేదాకా ముగ్గురూ కదల్లేదు. అప్పుడు నొక్కింది.

తెర నల్లగా ఉండి ఉండి, తెల్లబడింది. లాజరు లేచాడు.

పాత విండోస్, మూలన ఆ సాయంత్రపు గడియారం, మధ్యలో మాస్టారి రికార్డింగ్ ప్రోగ్రాం. కిందనుంచి పైకి గుట్టలు గుట్టలుగా పచ్చటి గీతలు. అది కాంతమ్మ గొంతు. వినపడడం లేదు, కనపడుతోంది. ఎక్కడ దీర్ఘం తీసిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో కొండల వరసలా తెలిసిపోతోంది. కాంతమ్మ వేలితో తెరని తాకి, ఒక పొడుగాటి గుట్ట వెంబడి నెమ్మదిగా రాసింది.

"ఇనిపించు," అన్నాడు థామస్. దగ్గు వచ్చింది అతనికి.

ఆ దగ్గుకి గీత ఎగిరింది.

రూబీ ముందు నమ్మలేదు. తెర కుడి చివర ఎర్రచుక్క వెలుగుతోంది, గీత పాకుతోంది. మావయ్య చేతిరుమాలు కప్పిన పాత మైకు ఒకటి రెండేళ్ళుగా బల్ల మీద ఉన్నచోటే ఉంది. వైరు సర్వర్‌కే ఉంది. లాజరుకి రెండేళ్ళు గడిచినట్టు తెలియదు. కరెంటు పోయిందనీ తెలియదు, మాస్టారు పోయాడనీ తెలియదు. అతని లెక్కలో కాంతమ్మ ఇప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

రూబీ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, మైకునీ ఎర్రచుక్కనీ చూపించింది. ఇంకా రికార్డు చేస్తోందని పెదాలతో చెప్పింది. ఆపమంటావా అన్నట్టు మౌస్ పట్టుకుంది.

కాంతమ్మకి అర్థమైంది. ఒద్దంది తలతోనే. కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, ఇదివరకు శనివారాలు కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది. రుమాలు తీసి మైకుని పెదాలకి ఆనేంత దగ్గరగా జరుపుకుంది. గొంతు లేదు. ఉన్నది ఊపిరే. ఆ ఊపిరితోనే ఎత్తుకుంది.

"నా చేతిలో..."

మొదట గాలి. తర్వాత ఆ గాలిలో సన్నటి పోగు లాంటిది ఏదో పైకి వెళ్ళింది, వంగింది, ఎవరూ అనుకోని చోట తిరిగి కిందికి దిగింది. చిన్నప్పుడు రూబీ అలిగి అలిగి అడిగిన మలుపు అదే. పచ్చటి గీత కదిలీ కదలనట్టు కదిలింది. పెద్ద సంచీ పట్టుకుంటోంది దాన్ని, ఒక్క తునకా జారనివ్వకుండా.

"నా చేతిలో పిడికెడే..."

పైన ట్యూబ్‌లైటు కొట్టుకుంది. ఒకసారి, వెంటనే ఇంకోసారి. బయట గాలి చర్చి తలుపుని ఎత్తి కొట్టింది.

రూబీ వేలు మౌస్ మీదే ఉంది. ఇప్పుడు ఆపి సేవ్ చేస్తే పాడినంత మిగులుతుంది. ఆపకపోతే, కరెంటు పోతే, కూసే యూపీఎస్ లేదు, నిద్రపుచ్చేవాడు లేడు. పాత సగం ఆమె హార్డ్‌డిస్కులో భద్రంగా ఉంది, ఎన్నిసార్లైనా లేస్తుంది. ఈ సగానికి కాపీ లేదు. అత్త కళ్ళు మూసుకుంది. ఆఖరి పాదం ఇంకా మిగిలే ఉంది. సగంలో ఆపించడం ఆవిడకి ఇది రెండోసారి అవుతుంది.

రూబీ వేలు దిగబోయింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. థామస్. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఆపొద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

ట్యూబ్‌లైటు మూడోసారి కొట్టుకుంది. కాంతమ్మ ఊపిరి తీసుకుంది.